బిడ్డ గుండెలో స్టెంట్ జారిందంటే

గుండెలో లోపంతో పుట్టిన బిడ్డకు "ఛాతీ కోయక్కర్లేదు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి స్టెంట్ వేస్తాం" అని డాక్టర్ చెప్పగానే తల్లిదండ్రులకు ప్రాణం లేచి వచ్చినట్టవుతుంది. ఆ వెంటనే ఒక కాగితం చేతికిస్తారు. అందులో, వేసిన స్టెంట్ ఉన్న చోటి నుంచి జారే అవకాశం ఉందని ఒక వాక్యం ఉంటుంది. అది విని భయపడి బిడ్డను చంకనేసుకుని మన ఊరు లక్డారం బస్సెక్కేవాళ్లు ఉంటారు. ఏమీ వినకుండా, ఏమీ అడగకుండా చూపిన చోటల్లా సంతకం పెట్టేవాళ్లూ ఉంటారు. ఈ రెండూ వద్దు. స్టెంట్ జారడం డాక్టర్లకు తెలిసిన ప్రమాదమే, దాన్ని వెతికి పట్టుకుని బయటికి తీసే పద్ధతులు కూడా ఉన్నాయి. అయితే ఆ పని ఎక్కడైనా జరగదు, అన్నీ సిద్ధంగా ఉన్న చోటే జరుగుతుంది. ఆ చోటు మీరు వెళ్తున్న ఆసుపత్రేనా అన్నది ముందే తెలుసుకోవాలి.

స్టెంట్ అంటే మనకు పెద్దవాళ్ల గుండెపోటే గుర్తొస్తుంది. బీడీలు తాగిన తాతకు వేయాల్సింది పురిటిబిడ్డకు ఎందుకు వేస్తారని అనుకోవడం సహజం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు. అందుకని ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళానికి, ఒంటికంతా రక్తం పంపే పెద్ద ధమనికి మధ్య ఒక చిన్న అడ్డదారి ఉంటుంది. డాక్టర్లు దాన్ని డక్ట్ అంటారు. పుట్టిన రెండు మూడు రోజుల్లో అది ముడుచుకోవడం మొదలై, కొద్ది వారాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. అందరి పిల్లల్లో జరిగేది ఇదే, జరగాల్సిందీ ఇదే. కానీ కొందరు బిడ్డల్లో ఊపిరితిత్తులకు వెళ్లే అసలు దారే మూసుకుపోయి ఉంటుంది. వాళ్ల ప్రాణం ఆ అడ్డదారి మీదే నిలబడుతుంది. అది మూసుకుపోతే బిడ్డ నీలంగా మారిపోతుంది. మూసుకోకుండా ముందు మందు ఎక్కిస్తారు, తర్వాత అందులో స్టెంట్ పెడతారు. 1992లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ వైద్యులు ఈ పద్ధతిని వైద్యలోకం ముందు పెట్టారు. అంతకుముందు ఇలాంటి బిడ్డలందరికీ ఆపరేషనే దిక్కు. ఇప్పుడు ఎవరికి స్టెంట్ మేలు, ఎవరికి ఆపరేషన్ మేలు అన్నది బిడ్డ గుండె తీరును బట్టి నిర్ణయిస్తారు. ఇంకా పెద్ద పిల్లల్లో ఊపిరితిత్తుల రక్తనాళం ఇరుకైనా, పెద్ద ధమని ఒక చోట నొక్కుకుపోయినా స్టెంట్ వేస్తారు.

డక్ట్‌లో పెట్టే స్టెంట్ చాలాసార్లు పెద్దవాళ్ల గుండె నాళాలకు వాడేదే. మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల సైజు పురిటిబిడ్డకు సరిగ్గా సరిపోతుంది. ఈ వస్తువు మన ప్రాంతానికి కొత్త కాదు. 1990ల్లో అబ్దుల్ కలాం, హైదరాబాద్ గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధరకు అందేలా చేసిన కలాం-రాజు స్టెంట్ గురించి పెద్దవాళ్లు వినే ఉంటారు. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కాసేపట్లో వచ్చే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో ఇవాళ స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. మీ ఇంటి పక్కాయనే ఆ పార్కులో షిఫ్టు చేస్తుండవచ్చు.

ఇక జారడం సంగతి. స్టెంట్‌ను చిన్న బెలూన్ మీద నొక్కి బిగించి లోపలికి పంపుతారు. సరైన చోటికి చేరాక బెలూన్ ఊదితే స్టెంట్ విచ్చుకుని నాళం గోడకు అతుక్కుంటుంది. తర్వాత బెలూన్‌ను ముడిచి తీసేస్తారు. స్టెంట్ సైజు నాళం కంటే కొంచెం తక్కువైనా, ఇరుకు అనుకున్నంత గట్టిగా లేకపోయినా అది నిలవకపోవచ్చు. వంకర దారిలో తోస్తున్నప్పుడు బెలూన్ మీది నుంచి ముందే జారవచ్చు. ఊదుతుండగా బెలూన్ పగిలితే సగమే విచ్చుకుంటుంది. బిడ్డ డక్ట్ మెత్తటి కండరం, వైరు తగిలితే ముడుచుకుంటుంది, మందు ఎక్కితే వదులవుతుంది. ఇవాళ కొలిచిన సైజు రేపటికి మారిపోవచ్చు. అందుకే మంచి చేయి తిరిగిన డాక్టర్ చేతిలో కూడా ఒక్కోసారి ఇది జరుగుతుంది. ఎక్కువగా జరిగేది ఈ గొట్టాల పని చేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబ్‌లోనే, బిడ్డ ఇంకా టేబుల్ మీద ఉండగానే. తర్వాతి కొన్ని గంటల్లోనూ జరగవచ్చు. నెలల తర్వాత జారడం చాలా అరుదు, ఎందుకంటే కొన్ని వారాల్లో నాళం లోపలి పొర స్టెంట్ మీదికి పెరిగి దాన్ని తనలో కలిపేసుకుంటుంది.

జారిన స్టెంట్ రక్తం ఎటు తోస్తే అటు పోతుంది. డక్ట్ నుంచి జారితే ఊపిరితిత్తుల వైపు వెళ్లవచ్చు, లేదా పెద్ద ధమనిలో పడి కిందికి కొట్టుకుపోవచ్చు. ఊపిరితిత్తుల నాళంలో వేసింది వెనక్కి వచ్చి కుడి గదిలో పడితే పరిస్థితి ఇంకాస్త కష్టం. అక్కడ కవాటాన్ని పట్టి ఉంచే సన్నని దారాలుంటాయి, స్టెంట్ వాటిలో చిక్కుకోవచ్చు. గుండె గోడకు తగిలి కొట్టుకునే లయ తప్పవచ్చు. ఏదైనా ముఖ్యమైన నాళానికి అడ్డంపడితే రక్తం ఆగుతుంది. స్టెంట్ లోహపుది కాబట్టి ఎక్స్‌రే తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కడ ఉందో డాక్టర్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన బిడ్డ ఒంట్లో ఎక్కడో తప్పిపోయిందన్న ఊహే తల్లిదండ్రుల్ని ఎక్కువగా కుంగదీస్తుంది, కానీ నిజానికి అది ఎదురుగా తెర మీద ఉంటుంది.

బయటికి తీసే తీరు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. స్టెంట్ ఏ సన్నని వైరు మీదుగా లోపలికి వెళ్లిందో ఆ వైరును డాక్టర్ చివరిదాకా తీయరు. స్టెంట్ జారినా వైరు ఇంకా దాని మధ్యలోంచే ఉంటే అది ఎటూ పారిపోలేదు. అప్పుడు చిన్న బెలూన్‌ను మళ్లీ స్టెంట్‌లోకి పంపి కొంచెం ఊది, దాన్ని బెలూన్‌కు పట్టించి, మెల్లగా సరైన చోటికో, ప్రమాదం లేని చోటికో లాక్కొస్తారు. వైరు కూడా తప్పిపోతే స్నేర్ వాడతారు. మన బావిలో బకెట్ జారిపడితే పాతాళ గరిగె వేసి ఎలా వెతికి తగిలించి పైకి లాగేవాళ్లమో, స్నేర్ పనీ అలాంటిదే. సన్నని గొట్టం కొసన వంగి ఉండే తీగ ఉచ్చు అది. గొట్టంలో ఉన్నంతసేపు ముడుచుకుని ఉంటుంది, బయటికి తోస్తే గుండ్రంగా తెరుచుకుంటుంది. నికెల్, టైటానియం కలిపిన లోహంతో చేస్తారు కాబట్టి ఎంత ముడిచినా మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ఆ ఉచ్చును స్టెంట్ ఒక కొసకు తగిలించి, బిగించి, పొడవుగా సాగదీసి, కాస్త పెద్ద గొట్టంలోకి లాగి, వచ్చిన దారినే బయటికి తెస్తారు. ఉచ్చు చాలకపోతే సన్నని పట్టకార్లాంటివి, బుట్టలాంటివి కూడా ఉంటాయి. ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. గుండెలో తెగి ఉండిపోయిన వైరు ముక్కను కోయకుండా తీసిన సంగతి 1964లోనే వైద్య పత్రికకెక్కింది.

విచ్చుకోని స్టెంట్‌ను తీయడం తేలిక. పూర్తిగా విచ్చుకున్నదాన్ని మళ్లీ ముడవడం కష్టం. పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పురిటిబిడ్డ తొడ ధమని వెడల్పు దాదాపు రెండు మూడు మిల్లీమీటర్లే. స్టెంట్‌ను లాగడానికి పెద్ద గొట్టం కావాలి, ఆ గొట్టం పట్టేంత చోటు నాళంలో ఉండదు. అందుకని ఒక్కోసారి మెడ దగ్గరి నాళంలోంచి వెళ్తారు. ఒక్కోసారి స్టెంట్‌ను బయటికి తేకుండా, రక్తానికి అడ్డంకాని ఒక నాళంలోకి తెచ్చి అక్కడే బెలూన్‌తో గోడకు అంటించి వదిలేస్తారు. ఇది విన్న తల్లిదండ్రులు "లోపల ఇనుప ముక్క మర్చిపోయారు" అనుకుంటారు. అది మర్చిపోవడం కాదు. లాగితే నాళం చిరిగే ప్రమాదం ఎక్కువనిపించినప్పుడు తెలిసి తీసుకునే నిర్ణయం. అయితే ఎక్కడ వదిలారో, ఏ సైజుదో కాగితం మీద రాసి ఇవ్వమని తప్పక అడగండి. ఏ దారీ లేనప్పుడు సర్జన్ ఛాతీ తెరిచి తీస్తారు. స్టెంట్ కవాటంలో చిక్కుకుని, లాగితే కవాటమే చెడిపోయేలా ఉన్నప్పుడు ఆపరేషనే మేలైన దారి. అలాంటప్పుడు సర్జన్‌ను పిలవడం డాక్టర్ ఓడిపోవడం కాదు, బిడ్డను కాపాడే పనిలో అది తర్వాతి అడుగు.

అందుకే సంతకానికి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "అయ్యా, జారితే తీసే సామాను ఇక్కడే ఉందా, పిల్లల గుండె సర్జన్ ఈ బిల్డింగ్‌లోనే ఉంటారా?" పిల్లల గుండెకు ప్రత్యేకంగా చదివిన కార్డియాలజిస్టు వేరు, పెద్దవాళ్లకు స్టెంట్లు వేసే డాక్టర్ వేరు. మీ బిడ్డకు చేసేది ఎవరు, ఇలాంటివి ఎన్ని చేశారు, ఆ రోజు వాళ్లే ఉంటారా అని అడగండి. స్టెంట్ కాకుండా వేరే దారి ఉందా, ఉంటే దాన్ని ఎందుకు వద్దంటున్నారు అనీ అడగండి. ఇలా అడిగితే డాక్టర్‌కు కోపమొస్తుందేమోనని మనవాళ్లు జంకుతారు. మంచి డాక్టర్‌కు కోపం రాదు, ఇంకా వివరంగా చెబుతారు. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా, బిహార్ కుటుంబాలు మీ పక్కింట్లో ఉంటే, వాళ్లతో కలిసి వెళ్లి హిందీలో అడిగిపెట్టండి. ఒక మాట అర్థం కాక బిడ్డ మీద నిర్ణయం తప్పడం కంటే పెద్ద కష్టం ఏముంటుంది?

హైదరాబాద్‌లో ఈ పనికి తగిన వైద్యులు ఉన్నారు. గుండె గదుల మధ్య రంధ్రాన్ని కోయకుండా మూసే కోనార్ అనే పరికరాన్ని ఇవాళ చాలా దేశాల్లో వాడుతున్నారు. ఆ పేరు హైదరాబాద్ పిల్లల గుండె వైద్యుడు డాక్టర్ కోనేటి నాగేశ్వరరావు పేరులోంచి తీసుకున్నదే. నిమ్స్‌లో పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఆంధ్ర వైపు బంధువులున్నవాళ్లకు తిరుపతిలో టీటీడీ 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. అంటే మన బిడ్డ కోసం ముంబై, చెన్నై పరుగెత్తాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

ఆ రోజుకు ముందు చిన్న పనులు కొన్ని ఉన్నాయి. బిడ్డ మొలతాడు, వెండి మువ్వలు, తాయత్తు తీసి ఇంట్లో దాచండి. అవి గజ్జల దగ్గర శుభ్రం చేయడానికి అడ్డం, ఎక్స్‌రేలోనూ అడ్డం. మొక్కు ఉంటే పనయ్యాక తీర్చుకోండి, రుద్రారం గణేశుడు దగ్గరే ఉన్నాడు. ఎప్పటిదాకా పాలు పట్టవచ్చో డాక్టర్ చెప్పిన గంట దాటాక అమ్మమ్మ జాలిపడి ఒక చెంచా కూడా పట్టకుండా చూసుకోండి. బిడ్డ గ్రూపు రక్తం ఇవ్వగలిగిన మనిషిని ముందే చూసి పెట్టండి. కంపెనీలో షిఫ్టు మిత్రులను అడిగితే కాదనరు.

లోపలి నుంచి నర్సు వచ్చి "స్టెంట్ కదిలింది, తీస్తున్నారు" అని చెబితే, ఇంటిల్లిపాదీ తలుపు దగ్గర గుమిగూడకండి. ఒక్కరు ముందుకెళ్లి మాట్లాడండి. బిడ్డ స్థితి నిలకడగా ఉందా, స్టెంట్ ఇప్పుడు ఎక్కడుంది, రక్తానికి అడ్డంగా ఉందా, ఇప్పుడేం చేస్తున్నారు అని అడగండి. ఈ పని అరగంటలో అయిపోవచ్చు, కొన్ని గంటలూ పట్టవచ్చు. ఆలస్యమైందంటే చెడు జరిగిందనే కాదు, తొందరపడకుండా చేస్తూ ఉండవచ్చు. ఆ సమయంలో డాక్టర్‌ను నిందించే మాటలు, ఫోన్‌లో వీడియోలు వద్దు. పని పూర్తయ్యాక ఏం జరిగిందో కూర్చోబెట్టి చెప్పించుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది, దాన్ని వదులుకోకండి.

తర్వాత మీ కళ్లే బిడ్డకు కాపలా. పెద్ద గొట్టం పెట్టిన కాలు చల్లబడినా, పాలిపోయినా, రెండో కాలుకూ దానికీ తేడా కనిపించినా అప్పటికప్పుడు నర్సును పిలవండి. గంటకోసారి రెండు పాదాలూ చేత్తో తడిమి చూడండి. కాలి నాళంలో రక్తం గడ్డకట్టడం చిన్నపిల్లల్లో తరచుగా చూసే ఇబ్బంది, తొందరగా చెబితే చాలాసార్లు మందుతోనే కరుగుతుంది. గజ్జల్లో గాయం మానేదాకా స్నానం, నూనె మర్దన డాక్టర్ చెప్పిన తర్వాతే. ఇంటికి తెచ్చేటప్పుడు బైకు మీద ముందు కూర్చోబెట్టుకుని రాతి క్రషర్ లారీల మధ్య తేవద్దు. ఆ ఒక్క రోజుకు ఆటోనో కారో మాట్లాడుకోండి.

రక్తం పలచబడే మందు, సాధారణంగా ఆస్పిరిన్, రాసిస్తారు. దాన్ని ఒక్క పూట కూడా మానకండి. పాలపిండి తేవడం మర్చిపోయినా పర్వాలేదు, ఈ మాత్ర అయిపోకూడదు. ఒంటి మీద అమ్మవారు పోసినా, గట్టి ఫ్లూ జ్వరం వచ్చినా వెంటనే గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఆస్పిరిన్ విషయంలో ఏం చేయాలో వాళ్లే నిర్ణయిస్తారు. మీ అంతట మీరు ఆపవద్దు. డక్ట్ స్టెంట్ ఉన్న బిడ్డకు విరేచనాలు, వాంతులు పట్టుకుంటే అది ఆర్‌ఎంపీ దగ్గర సూదితో పోయే జబ్బు కాదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి స్టెంట్‌లో గడ్డకట్టవచ్చు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి, రాత్రయితే 108కి ఫోన్ చేయండి.

మన ఊళ్లో ఇంకో అపాయం ఉంది. క్రషర్ల దుమ్ము మధ్య పెరిగే పిల్లలకు దగ్గు, ఆయాసం వస్తే "దుమ్ము పడలేదు" అని సర్దిచెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. పాలు తాగుతూ మధ్యలో ఆపి ఎగపోస్తున్నా, పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట పట్టినా, పెదవులు నల్లబడినా, ఏడ్చినప్పుడు నీలంగా మారినా, బరువు పెరగకపోయినా దుమ్ము మీదికి నెట్టకండి. స్టెంట్ వేయించుకున్న బిడ్డ అయితే ఆగే ప్రశ్నే లేదు. చిన్నపిల్లలకు సరిపడే ఆక్సిజన్ మీటరు ఇంట్లో ఉంచుకోండి. డక్ట్ స్టెంట్ ఉన్న బిడ్డకు 75 నుంచి 85 మధ్య రావడం మామూలే, మనకులాగా 98 రాదు. మీ బిడ్డకు ఎంత ఉండాలో డాక్టర్‌తో ఫైలు మీద రాయించుకుని, అంతకంటే తగ్గితే ఫోన్ చేయండి.

డబ్బు మాట కూడా చెప్పాలి. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెంచారు. పురిటిబిడ్డ పేరు కార్డులో ఎక్కలేదని వెనక్కి రాకండి. తల్లి కార్డు, బిడ్డ పుట్టిన కాగితం పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. కంపెనీలో నెలకు 21 వేల దాకా జీతం తీసుకుంటూ ఈఎస్ఐ కట్టే తండ్రి ఉంటే, కాంట్రాక్టు కూలీ అయినా సరే, బిడ్డకూ ఆ హక్కు ఉంది. రామచంద్రాపురం, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రుల్లో అడిగి రెఫరల్ తీసుకోండి. బిడ్డ పేరు ఈఎస్ఐ రికార్డులో ఎక్కించడం పుట్టిన వారంలోనే చేయాల్సిన పని. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వచ్చే, పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు పిల్లల గుండె లోపాలను కూడా చూస్తారు. ఆ రోజు బిడ్డను తప్పకుండా పంపండి. సొంత డబ్బు పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోండి: పెద్దవాళ్ల గుండెకు వాడే స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. మీ బిడ్డకు అలాంటిదే వేస్తే బిల్లు మీద స్టెంట్ పేరు, ధర విడిగా చూపించమనండి, పెట్టె మీది స్టిక్కరు అడిగి ఫైల్లో అంటించుకోండి.

వెయ్యి మంది పుడితే ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. గ్రహణంనాడు బయటికెళ్లిందని, ఏదో తినిందని తల్లిని అనకండి. అత్తమ్మలకు, ఆడబిడ్డలకు ఇది నా ప్రత్యేక వినతి. ఆ తల్లి పాలు, నిద్ర, మనసు బిడ్డకు ఇప్పుడు మందంత అవసరం. స్టెంట్ జారి తీయాల్సి వచ్చిన ఇంట్లో అయితే మరీ. "నీ రాత ఇట్లుంది" అనే మాట ఆ ఇంట్లో వినిపించకూడదు.

చివరిగా, స్టెంట్ బిడ్డతో పాటు పెరగదు. పెద్ద నాళాల్లో వేసినదాన్ని బిడ్డ ఎదిగే కొద్దీ మళ్లీ బెలూన్‌తో వెడల్పు చేయాలి. డక్ట్‌లో వేసింది కొన్ని నెలల కోసమే, ఆ తర్వాత అసలు ఆపరేషన్ ఉంటుంది. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని, షిఫ్టు దొరకలేదని, పండగ వచ్చిందని చెకప్ వాయిదా వేస్తే లోపల స్టెంట్ ఇరుకైపోతున్న సంగతి బయటికి తెలియదు. ఫైలు తీసి తర్వాతి చెకప్ తేదీ ఎప్పుడో ఇప్పుడే చూడండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేయండి.